తుగ్యానీ నుండి గండిపేట దాకా – ఒక ట్రేసర్ జ్ఞాపకాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు "నగరాభివృద్ధిలో మంచి పద్ధతులు – మన అనుభవాలు" అనే అంశం మీద ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందిగా కార్యదర్శి గారు రెండుసార్లు ఫోన్ చేసి అడిగారు. నేను ఇంజనీరును కాను. 1972లో ట్రేసర్‌గా చేరి, 2008 మార్చి 31న డ్రాయింగ్ బ్రాంచి నుండే పదవీ విరమణ చేసిన వాడిని. ముప్పై ఆరేళ్ళు ఇతరులు వేసిన పటాల మీద ట్రేసింగ్ గుడ్డ పరచి గీతలు గీయడమే నా ఉద్యోగం. గీతలు గీసిన వాడికి చరిత్ర వ్రాసే అర్హత ఉన్నదా అని కొంత తటపటాయించాను. అయితే మన ఊరి చరిత్రలో ఒక భాగం ఆ గీతలలోనే ఉన్నది కనుక, నాకు తెలిసినంత వరకు వ్రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు సరిదిద్దగలరు.

ఈ రోజుల్లో నగరాలను గూర్చిన సభలలో ఒక మాట తరచు వినబడుతుంది. ఒక ఊళ్ళో ఫలించిన పద్ధతిని గుర్తించి, దాన్ని మరో ఊరికి తెలియజేయాలి అంటారు. 1996 జూన్‌లో ఇస్తాంబుల్‌లో ఐక్యరాజ్యసమితి వారి ఆవాసాల మహాసభ జరిగినప్పుడు, ప్రపంచంలోని అనేక నగరాల ఉత్తమ పద్ధతులను ఒకచోట చేర్చి చూపించారు. మంచిదే. నేను మాత్రం ఆ పనికి ఇస్తాంబుల్ దాకా వెళ్ళనక్కర లేకుండా, మెహదీపట్నం నుండి బస్సెక్కితే చేరగలిగిన ఒక రాతి కట్టను గూర్చి చెబుతాను. ఆ కట్ట గండిపేట కట్ట. దాని వెనుక ఒక పెను విషాదం ఉన్నది.

నా చిన్నతనంలో మా నాయనమ్మ ఏ సంగతి చెప్పినా కాలాన్ని రెండు ముక్కలు చేసి చెప్పేది. "తుగ్యానీకి ముందు", "తుగ్యానీ తర్వాత". మా పెద్దనాయన పుట్టింది తుగ్యానీ అయిన ఆరేండ్లకు. పాత ఇల్లు పోయింది తుగ్యానీలో. తుగ్యానీ అంటే ఉర్దూలో వరద. 1908 సెప్టెంబర్ 28, సోమవారం నాటి మూసీ వరదకు హైదరాబాదు పాత తరం వారు పెట్టుకున్న పేరు అది. అప్పటికి నాయనమ్మకు పదమూడేళ్ళు. ఘాన్సీ బజారులో ఉండేవారు. "నీళ్ళు పెరుగుకుంట రాలేదు బిడ్డా, గోడ లెక్క వచ్చినయి" అనేది. ఆ మాటలోని నిజం నాకు ముప్పై ఏళ్ళ తరువాత, ఆఫీసులో పాత నివేదికల పటాలు కాపీ చేస్తున్నప్పుడు గాని తెలియలేదు.

ఆ రెండు రోజులూ మూసీ, ఈసీ నదుల ఎగువన కుండపోతగా వాన కురిసింది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.90 అంగుళాలు నమోదైనట్లు లెక్క ఉన్నది. వాన ఒక్కటే అయితే నీరు పెరుగుతూ వచ్చేది. కాని ఈ నదుల పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండేవి. రమారమి చదరపు మైలుకు ఒక చెరువు. మన ప్రాంతపు గొలుసుకట్టు చెరువుల సంగతి గ్రామాల నుండి వచ్చిన వారందరికీ తెలుసు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది, కింది చెరువు మత్తడి దూకితే దాని కిందిది. ఆ వరుసలో పైనున్న కట్ట తెగితే, ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా కింది కట్ట మీద పడతాయి. అదీ తెగుతుంది. ఆ రాత్రి అలా 221 చెరువులు తెగిపోయినాయి. అందుకే నీళ్ళు గోడ లెక్క వచ్చినయి.

వరద తారస్థాయిలో నగరం వద్ద మూసీలో సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు పారినట్లు అంచనా వేశారు. పుస్తకంలో అంకెగా చదివితే అది బుర్రకెక్కదు. కృష్ణలోనో, గోదావరిలోనో పారవలసినంత నీరు మూసీ వంటి చిన్న ఏట్లో, అదీ ఊరి మధ్య నుండి పారిందని అనుకుంటే కొంత బోధపడుతుంది. అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం గాయాలతో నిలిచింది. కోల్సావాడి వంటి బస్తీలు ఆనవాలు లేకుండా పోయినాయి. మృతులు దాదాపు 15 వేలని సాధారణంగా చెబుతారు. ఒక్కో గ్రంథంలో ఒక్కో లెక్క ఉన్నది. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురును ఒకే రోజు ఈ నీళ్ళలో పోగొట్టుకొని తాను మాత్రం బ్రతికి బయటపడ్డారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉన్నది. ఏటా సెప్టెంబర్ 28న కొంతమంది దాని కింద సమావేశమవుతారు.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ మూసీ ఒడ్డుకు వచ్చి నదికి చీరె, గాజులు, కొబ్బరికాయ సమర్పించాడని ఊళ్ళో చెప్పుకుంటారు. మా నాయనమ్మ కూడా చెప్పేది. ఆయన చేసిన రెండవ పని మాత్రం కాగితాల మీద ఉన్నది. బొంబాయి ప్రభుత్వపు ఇంజనీరుగా పేరు పొంది, ఆ కొలువు నుండి విరమించుకొని ఐరోపా యాత్రలో ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన మైసూరు వారని మనందరికీ తెలుసు. కాని ఇంటిపేరులోని మోక్షగుండం మన గిద్దలూరు ప్రాంతపు పల్లెటూరు. వారి పూర్వులు అక్కడి నుండి వెళ్ళినవారే.

విశ్వేశ్వరయ్య గారు 1909 ఏప్రిల్ 15న హైదరాబాదు వచ్చారు. అదే సంవత్సరం అక్టోబర్ 1న నివేదిక సమర్పించారు. అయిదున్నర నెలలు! మా కాలంలో ఒక కల్వర్టు అంచనాకు సంతకాలన్నీ పూర్తి కావడానికి అంతకంటె ఎక్కువ పట్టేది. (ఇది ఎవరినీ ఉద్దేశించి వ్రాసింది కాదు. ఫైలు మోసిన వారిలో నేనూ ఉన్నాను.)

ఆ అయిదున్నర నెలల్లో ఆయన చేసిన మొదటి పని ఏ కట్టడానికీ పటం గీయడం కాదు. లెక్కలు పోగు చేశారు. ఊళ్ళోని వానల లెక్క చాలదని పొరుగున ఉన్న బొంబాయి, మద్రాసు రాష్ట్రాల వర్షపాతపు లెక్కలు తెప్పించారు. మన దగ్గర ఒకసారి జరిగింది, మరెక్కడ ఎన్నిసార్లు జరిగింది, ఇంతకంటె పెద్దది రావచ్చునా అని చూడడానికి. ఎగువన ఉన్న చెరువుల్లో ఏవి నిలిచాయి, ఏవి తెగాయి, ఎందుకు తెగాయి అని సర్వే చేయించారు. నా దృష్టిలో ఈ వ్యాసానికి అసలు విషయం ఇదే. పొరుగూరి అనుభవాన్ని తెచ్చుకోవడమంటే అక్కడి కట్టడాన్ని తెచ్చి ఇక్కడ పెట్టడం కాదు, అక్కడి లెక్కను తెచ్చి మన లెక్క పక్కన పెట్టి చూడడం.

తరువాత ఆయన చెప్పిన ఉపాయం వినడానికి సులువు. నగరం గుండా పోయే నది గోడలు ఎంత ఎత్తు కట్టినా ఇంతటి వరదను అవి ఆపలేవు. కనుక ఎగువనే రెండు నదుల మీద రెండు పెద్ద జలాశయాలు కట్టాలి. నది ఒడ్డులు భరించగలిగినంత నీటినే కిందికి వదలాలి, మిగతాది నిలిపి మెల్లగా పంపాలి. నగరంలో నది ఒడ్డులను ఎత్తు చేసి, బస్తీలను వెనక్కి జరిపి, అక్కడ తోటలూ విహార మార్గాలూ వేయాలి. అంతటితో ఆపలేదు. ఊరి మురుగునీటి పారుదల సంగతి కూడా తేల్చనిదే ఈ పని పూర్తి కాదని, భూగర్భ డ్రైనేజీకి పథకం సూచించారు. వరద, తాగునీరు, మురుగు, తోటలు – నాలుగింటినీ ఒకే పనిగా చూశారు. తరువాతి కాలంలో వీటిని నాలుగు శాఖలుగా విడగొట్టుకొన్నాము. ఒక శాఖ తవ్విన రోడ్డును మరో శాఖ పూడ్చడం, మూడవ శాఖ మళ్ళీ తవ్వడం మన సభ్యులకు నేను చెప్పనక్కర లేదు.

1909 నవంబరులో ఆయన మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయారు. 1911లో మహబూబ్ అలీఖాన్ గతించారు. సలహా ఇచ్చినాయన లేడు, అడిగిన ప్రభువు లేడు. సాధారణంగా ఇలాంటి నివేదికలు ఇక్కడే అటకెక్కుతాయి. కాని ఇది ఎక్కలేదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన మరుసటి సంవత్సరం, 1912లో, నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. బొంబాయిలో 1896 నాటి ప్లేగు తరువాత 1898లో ఇలాంటి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడి ఉన్నది. హైదరాబాదుకు కూడా 1911లో ప్లేగు సోకింది. ఒక ఊరి కష్టంలో నుండి పుట్టిన ఏర్పాటు మరో ఊరికి పనికివచ్చిన సందర్భమిది.

మూసీ మీద ఉస్మాన్‌సాగర్ – అంటే మన గండిపేట – 1920లో పూర్తయింది. సి.టి. దలాల్ గారి పర్యవేక్షణలో ఆ పని జరిగింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. దానికి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ గారు సారథ్యం వహించారు. తరువాత నిజాంసాగర్ కట్టినవారు కూడా ఆయనే. విశ్వేశ్వరయ్య గారు 1922లో తిరిగి వచ్చి డ్రైనేజీ పనికి సలహాలు ఇచ్చారు. నది ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ భవనాలు లేచాయి. వరద వచ్చిన చోటనే నగరం తన అందమైన ముఖాన్ని కట్టుకొన్నది.

గండిపేట నీటిలో ఇంకొక విశేషం ఉన్నది. కట్ట నుండి ఆసిఫ్‌నగర్ ఫిల్టరు బెడ్ల వరకు ఆ నీరు కాలువ గుండా పల్లం మీదనే వచ్చేది. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. తరువాత 1965లో మంజీరా, 2004లో కృష్ణ, 2015లో గోదావరి నీళ్ళు తెచ్చుకొన్నాము. ఊరు పెరిగింది, తప్పదు. కాని నూరు కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తిపోసి తెచ్చే ప్రతి చుక్కకూ కరెంటు ఖర్చు ఉన్నది. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు విడిచి పోడని ఒక సామెత ఉండేది. రుచిని గూర్చి చెప్పిన మాట అది. ఖర్చును గూర్చి కూడా అదే మాట చెప్పవచ్చు.

మా కథే గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరాన్ని 1913 మార్చిలో వరద ముంచెత్తింది. అక్కడివారు 1915లో ఒక సంస్థను ఏర్పరచి, ఎగువన అయిదు కట్టలు కట్టి 1922కు పూర్తి చేశారు. ఆలోచన మనదే – నీటిని ఎగువనే నిలిపి మెల్లగా వదలడం. కాని ఒక తేడా ఉన్నది. వారి కట్టల వెనుక మామూలు రోజుల్లో నీళ్ళు ఉండవు. వాన వచ్చినప్పుడే నిండుతాయి. మన కట్టల వెనుక తాగునీరు నిలువ ఉంటుంది. వరద కోసమైతే జలాశయం ఖాళీగా ఉండాలి, తాగునీటి కోసమైతే నిండుగా ఉండాలి. ఒకే కట్ట ఈ రెండు పనులూ చేయాలంటే, గేట్లు ఎప్పుడు ఎత్తాలో తెలిసిన మనిషి రాత్రీపగలూ కట్ట మీద ఉండాలి, ఆపైన నీరు విస్తరించడానికి చుట్టూ ఖాళీ భూమి ఉండాలి. మొదటిది మన సిబ్బంది చూసుకొన్నారు. రెండవదాని దగ్గరే కథ అడ్డం తిరిగింది.

1996 మార్చి 8న ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111 నంబరు జీవో జారీ చేసింది. ఇస్తాంబుల్ సభకు మూడు నెలల ముందు! రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాలలో, కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు రాకుండా కట్టుదిట్టం చేశారు. తొంభై ఏళ్ళ క్రితపు పనిని గుర్తించి కాపాడడానికి మనవాళ్ళు చేసిన ఏర్పాటు అది. దాన్ని ఉత్తమ పద్ధతి అని ఏ సభలోనూ చూపించినట్లు లేదు గాని, నా మటుకు అది అందుకు తగినదే.

ఆ జీవో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. జలాశయాల ఎగువన ఒక నూనె కర్మాగారానికి మినహాయింపు ఇవ్వవచ్చునా అన్నది వివాదం. 1999 జనవరి 27న వచ్చిన తీర్పు మన తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాథరావు గారు వ్రాసింది. హాని జరిగే అవకాశం ఉన్నచోట, హాని జరుగుతుందని జనం నిరూపించనక్కర లేదు, జరగదని నిరూపించవలసిన బాధ్యత ఆ పని చేయదలచిన వారిదే అన్న సూత్రాన్ని అందులో వివరంగా చర్చించారు. 2000 డిసెంబర్ 1న తుది తీర్పులో ఆ మినహాయింపు చెల్లదన్నారు. దేశంలో పర్యావరణ కేసులు చదివేవారు ఈ తీర్పులను నేటికీ ఉదహరిస్తారు. దానికి మూలం గండిపేట అని మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

1984లో అనుకుంటాను, నా బల్ల మీదికి ఒక లేఔటు పటం వచ్చింది. నగరానికి ఉత్తరాన ఒక కాలనీ, పేరు వ్రాయను. శుభ్రమైన కాపీ తీయమన్నారు. ఆధారంగా ఉన్న రెవెన్యూ గ్రామ నక్షలో ఒక చెరువు మత్తడి నుండి కింది కుంటకు పోయే నాలా జంట గీతలతో స్పష్టంగా ఉన్నది. కొత్త లేఔటులో ఆ చోట పదకొండు ప్లాట్లు, ఒక ముప్పై అడుగుల రోడ్డు ఉన్నాయి. జంట గీతలు లేవు. పై అధికారిని అడిగాను. "పైనుంచి వచ్చింది ఎట్లున్నదో అట్లనే గియ్యి. ఎండిపోయిన నాలా, మనకెందుకు?" అన్నారు. ఆయన చెడ్డవారు కారు, బహుశా ఆయనకూ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. నేను గీశాను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని పేరు. ఆ పటం కింద మూలన "ట్రేస్డ్ బై" అన్నచోట నా పొడి అక్షరాలు ఉన్నాయి.

రెండేళ్ళ తరువాత మా చెల్లెలి భర్త ఆ కాలనీలో ప్లాటు కొనదలచి, "బావా, నువ్వు ఆఫీసుల ఉన్నవు గదా, ఆ లేఔటు మంచిదేనా?" అని అడిగాడు. "మంజూరైన లేఔటే" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు. వాళ్ళ ప్లాటు ఆ పదకొండింటిలో ఒకటి కాదని మాత్రం చూశాను. కాని నీళ్ళకు ప్లాటు నంబర్లు తెలియవు.

2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ ఎండిపోయిన నాలా తన దారిని తాను గుర్తుపట్టి వచ్చింది. మా చెల్లెలి ఇంట్లోకి నడుము లోతు నీళ్ళు వచ్చాయి. మంచాన ఉన్న దాని అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి మేడ మీదికి మోశారు. పిల్లల సర్టిఫికెట్లు, పెండ్లి ఫోటోలు, అది ఇంట్లో పని చేసుకొని నాలుగు రూకలు సంపాదించే కుట్టు మిషను మునిగిపోయాయి. మూడవ రోజు నేను వెళ్ళేసరికి గోడ మీద బురద గీత ఒకటి సమంగా, స్కేలు పెట్టి గీసినట్లు ఉన్నది. "ఇంత వాన ఎన్నడు చూడలే అన్నా, దేవుడు చేసిండు" అన్నది మా చెల్లెలు. నేను ఏమీ అనలేదు. గోడనే చూస్తూ నిలబడ్డాను. ఈ సంచిక అచ్చయిన తరువాత చదివితేనే దానికి అసలు సంగతి తెలుస్తుంది. అప్పుడు ఏమంటుందో, అననీ.

ఇది వ్రాయడం నన్ను నేను నిందించుకోవడానికి మాత్రమే కాదు. 1908లో తెగిన 221 చెరువుల లెక్క తీయించిన పద్ధతి ఒకటి, ఉన్న నాలాను పటంలో తీసివేసిన పద్ధతి మరొకటి. రెండూ ఒకే ఊళ్ళో, ఒకే రకం బల్లల మీద జరిగాయి. 1912–15 మధ్య లియోనార్డ్ మన్ అనే ఆయన సర్వే చేసి తయారు చేసిన నగర పటాలను చూసే భాగ్యం నాకు కలిగింది. ఆ పటాల్లో బావులు, నాలాలు, వీధి వీధీ కనిపిస్తాయి. కంటితో చూసిన వాడు గీసిన పటానికీ, కాగితం చూసి గీసిన పటానికీ తేడా ట్రేసర్‌కు గీత పట్టుకోగానే తెలుస్తుంది.

తరువాతి సంగతులు మీరు పత్రికల్లో చదివినవే. 2020 అక్టోబరులో మళ్ళీ కాలనీలు మునిగాయి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69 నంబరు జీవోతో 111 జీవో ఆంక్షలను తొలగిస్తున్నట్లు ప్రకటించింది. 2023 మే నెలలో మంత్రివర్గం పూర్తి రద్దుకు నిర్ణయించింది. నగరం వాడే నీటిలో ఈ రెండు జలాశయాల వాటా 1.25 శాతం కూడా లేదు అన్నది చెప్పిన కారణం. ఆ లెక్క తప్పని నేను అనను. ఆ గ్రామాల రైతుల బాధ కూడా నిజమైనదే. పక్క ఊళ్ళో ఎకరం కోట్లు పలుకుతుంటే, తమ భూమికి ధర రాకపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. ఊరందరి మేలు కోసం వాళ్ళు నష్టపోయారు గనుక, ఊరందరూ వారికి ఏదో ఒక విధంగా చెల్లించి ఉండవలసింది. పాతికేళ్ళలో ఆ ఆలోచన ఎవరూ గట్టిగా చేయలేదు. కాని 1.25 శాతం అన్నది తాగునీటి లెక్క. ఆ కట్టలు మొదట కట్టింది తాగునీటికి కాదు, వరదకు. వరద నాడు అవి ఆపే నీటి శాతం ఎంత అన్నది వేరే లెక్క.

ఆ లెక్క 2025 సెప్టెంబర్ నెలాఖరులో కొంత కళ్ళ ముందుకు వచ్చింది. ఎగువన వానలు పడి జంట జలాశయాల గేట్లు ఎత్తగా, మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్ళు వచ్చాయి. ప్రయాణీకులను రాత్రివేళ బయటికి తీసుకురావలసి వచ్చింది. ఆ బస్ స్టేషన్ నది మధ్యలోని గడ్డ మీద ఉన్నది. మనవాళ్ళు దాన్ని ఇప్పటికీ ఇమ్లీబన్ అనే అంటారు. ఇమ్లీబన్ అంటే చింతతోపు.

2024 అక్టోబరులో మూసీ పునరుజ్జీవనం కోసం మన మంత్రులు, అధికారులు, పత్రికల వారు దక్షిణ కొరియాలోని సియోల్ నగరం వెళ్ళి, అక్కడ 2005లో బాగుచేసిన చియాంగ్‌గెచియాన్ వాగును చూసి వచ్చారు. వెళ్ళడం తప్పని కొందరు అన్నారు. నేను అనను. విశ్వేశ్వరయ్య గారు కూడా దేశదేశాలు తిరిగి చూసి వచ్చిన వారే. అయితే ఆ వాగులో పారే నీటిలో చాలా భాగం హాన్ నది నుండి పంపులతో ఎత్తిపోసేదన్న సంగతి కూడా ఆ యాత్రా నివేదికలో ఉండాలి. ఆయన అయితే ముందు ఆ లెక్కే అడిగేవారు. సియోల్ చూసిన కళ్ళతోనే ఒక పూట గండిపేట కట్ట మీద కూడా నడిస్తే బాగుంటుంది.

నేను పోయిన కార్తీకంలో నడిచాను. మనుమరాలు వెంట వచ్చింది; అది ఇంజనీరింగ్ రెండవ సంవత్సరం చదువుతున్నది. ఉద్యానవనం వైపు జనం ఉన్నారు, కట్ట మీద ఎవరూ లేరు. "తాతా, ఇది ఎవరు డిజైన్ చేశారో మా సిలబస్‌లో లేదు" అన్నది. కట్ట అంచున చేయి వేసి కొంచెంసేపు నిలబడ్డది. తరువాత ఫోన్ తీసి, నీటి వైపు కాకుండా ఎగువన లేచిన భవనాల వైపు ఫోటోలు తీసింది. ఎందుకమ్మా అంటే, "మళ్ళీ వచ్చినప్పుడు లెక్కపెట్టడానికి" అన్నది.

చివరగా మన సభ్యులకు ఒక విన్నపం. పదవీ విరమణ తరువాత నేను రుసుము చెల్లించి, నగరం చుట్టుపక్కల పదిహేడు గ్రామాల పాత రెవెన్యూ నక్షల నకళ్ళు తీసుకొన్నాను. వాటి మీద చెరువులు నీలం సిరాతో, నాలాలు ఎర్ర సిరాతో, ఇప్పటి రోడ్లు పెన్సిలుతో గుర్తించి పెట్టాను. 1984లో నేను వదిలిన జంట గీతలు కూడా అందులో ఉన్నాయి. ఇల్లు కొనదలచిన పిల్లలు గాని, కాలనీ సంఘాల వారు గాని చూడదలిస్తే, అవి మన సంఘ కార్యాలయంలో బీరువా పై అరలో గుండ్రంగా చుట్టి ఉంటాయి. మంగళ, శుక్రవారాలు సాయంత్రం నాలుగు నుండి ఆరు వరకు నేను అక్కడే ఉంటాను. మోకాళ్ళ నొప్పి ఎక్కువైన రోజున మాత్రం రాను. ఆ రోజు తాళంచెవి కోశాధికారి గారి దగ్గర ఉంటుంది.